తెర నల్లబడినప్పటి మాటలు

ఆఫీసులో ఆమెను అందరూ రీస్టార్ట్ అక్క అనేవాళ్ళు. అన్నవాళ్ళని తప్పుపట్టడానికీ లేదు. మెయిళ్ళు, మీటింగులు విండోస్‌లో. ఆమె రాసే ప్రోగ్రాములేమో లినక్స్ అనే ఇంకో సిస్టమ్‌లో తప్ప నడవవు. రెండూ ఒకే లాప్‌టాప్‌లో ఎడమొహం పెడమొహంగా ఉండేవి. ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి పోవాలంటే మిషను ఆపి మళ్ళీ లేపాల్సిందే. అది ఒళ్ళు విరుచుకుని లేచేసరికి పుణ్యకాలం కాస్తా గడిచిపోయేది.

పని ఇంట్లోనే. వెనక కుర్చీలో నాన్న. పక్షవాతంతో ఆయనకి మాట పడిపోయింది. రోజూ మాట్లాడిస్తుంటేనే తిరిగొస్తుందని, వదిలేస్తే వచ్చిందీ పోతుందని డాక్టరు గట్టిగా చెప్పాడు. అందుకే తెర నల్లబడగానే ఆమె కుర్చీ వెనక్కి తిప్పేది.

"ఇదేంటి నాన్నా?"

"గ్లా... సు."

"కిటికీ మీద ఏముంది?"

"పి... ట్ట. పోయింది."

అలా ఒక్కో మాటా కూడబెట్టుకున్నాడు ఆ ముసలాయన.

టీమ్ లీడరు మాత్రం ఒంటికాలి మీద లేచేవాడు. "మేడమ్, మీ మిషను లేచేలోపు మేం ఇంకో ప్రాజెక్టు పూర్తిచేస్తాం."

ఆమెకి రోషం వచ్చింది. పట్టుబట్టి కూర్చుని, విండోస్ నడుస్తుండగానే దాని లోపల లినక్స్ కూడా నడిచేలా చేసింది. ఒక్క కమాండు కొడితే చాలు, అన్నీ వాటంతటవే అమరిపోతాయి. పాత లినక్స్‌ని తుడిచేసింది. లీడరు మెచ్చుకుని అందరిచేతా అదే పెట్టించాడు. ఆమె పొంగిపోయింది, అబద్ధమెందుకు.

మర్నాడు తెలిసొచ్చింది. విండోస్‌లో ఓ కాపలా ప్రోగ్రాము ఉంది. మౌసు కాసేపు కదలకపోతే లీడరుకి కబురు వెళ్తుంది. ఇదివరకు మిషను ఆగితే దాని కళ్ళూ మూతపడేవి. ఇప్పుడిక ఆగేదే లేదు. ఆమె వెనక్కి తిరిగిందో లేదో ఫోను.

"సీట్లో లేరా మేడమ్?"

"ఉన్నానండీ."

"ఇప్పుడు రీస్టార్ట్ కూడా లేదు కదా మరి."

తన కాళ్ళకి బంధం తనే వేసుకుంది. పనిచేస్తూనే మాట్లాడదామంటే, ఎదుటివాళ్ళ పెదాలు కనపడందే ఆయనకి మాట అందదు. పని తెమిలేసరికి ఆయన నిద్రపోయేవాడు. ఆమెకి ఏడుపొచ్చేది, అదీ తెరవైపు తిరిగే.

సెలవురోజు ఆయన ఎదురుగా కూర్చుంది. వెనక బల్లమీద లాప్‌టాప్ తెరిచే ఉంది.

"ఇదేంటి నాన్నా?"

ఆయన గ్లాసు వంక చూడలేదు. ఆమె భుజం మీదుగా వెలుగుతున్న తెరని చూసి, "ప... ని," అని పెదాల మీద వేలు పెట్టుకున్నాడు.

ఆమె చటుక్కున లాప్‌టాప్ మూసేసింది. ఆయన వేలు తీయలేదు.