గాసునూనె

మా షెడ్డు సూర్యాపేటలో హైవే దిగగానే ఉంటుంది. నేను చదివింది ఏడో తరగతి. బడి నన్ను వదిలిందా, నేను బడిని వదిలానా అన్నది ఇప్పటికీ తేలలేదు. బండ్లు విప్పడం ఆ తర్వాత నేర్చుకున్నాను. నోరు విప్పడం మాత్రం ఎవరూ నేర్పనక్కర్లేకపోయింది. మా షెడ్డుకు వచ్చేవాళ్లలో సగం మంది బండి పని మీద వస్తే, సగం మంది నా మాటలు విని నవ్విపోవడానికి వస్తారు. దాన్ని ఇన్నాళ్లూ లాభం కిందే చూసుకున్నాను.

మొన్న ఎండాకాలం మిర్యాలగూడ నుంచి ఒక రైస్‌మిల్లు సేటు ఫోన్ చేశాడు.

"మిస్త్రీ, ఎర్ర కారు యాదికున్నదా?"

"యాదికి లేకేం సేటు. నా పెండ్లి రోజు మర్చిపోతగని దాన్ని మర్చిపోత?"

"మిల్లు ఎనక షెడ్డు కిరాయికిస్తున్న. కారు గాడికెల్లి బయటికి రావాలె. తోస్తె గాదు, నడిసి రావాలె. జర వచ్చి సూడు."

ఆ కారు కథ చెప్పాలి. అది విదేశీ స్పోర్ట్స్ కారు. పొడవాటి ముక్కు, మడిచిపెట్టే గుడ్డ టాపు, రెండే సీట్లు. హైదరాబాద్‌లో ఎవరో పాత బంగ్లా ఖాళీ చేస్తుంటే సేటు చూసి మనసు పారేసుకుని తెచ్చుకున్నాడు. చిక్కేమిటంటే సేటుకు డ్రైవింగ్ రాదు. మిల్లు లారీ నడిపే డ్రైవరే ఆదివారాలు దాన్ని నడిపేవాడు. మిల్లు లోపల సేటు ముందు కుర్చీలో కూర్చోవడానికి జంకే మనిషి, ఆ కారులో మాత్రం సేటుకు భుజం రాసుకుంటూ కూర్చోవాల్సి వచ్చేది. వేరే దారి లేదు, వెనక సీటు లేదు కదా. ఇద్దరూ వాడపల్లి దాకా పోయి, కృష్ణా నదిని చూసి, ఏమీ మాట్లాడకుండా తిరిగొచ్చేవాళ్లని చెప్పుకునేవారు.

అలాంటి కారు పదకొండేళ్లుగా షెడ్డులో పడి ఉంది. ఎందుకు పడి ఉందో నాకు బాగా తెలుసు. లేదా, తెలుసని అనుకున్నాను.

పెన్‌పహాడ్ మీదుగా బైకు మీద పోయాను. షెడ్డు తలుపు తీసేసరికి కారు మీద వేలు మందాన తవుడు దుమ్ము. టైర్లు నాలుగూ నేలకు అతుక్కుపోయాయి. గాలి ఫిల్టరు విప్పితే లోపల ఎలుక గూడు, వడ్ల ఊకతో మెత్తగా, నా పరుపు కన్నా నయంగా ఉంది.

"కిరాయి ఇస్తలేదు సేటు ఇది" అన్నాను ఎలుకను చూపించి. సేటు నవ్వాడు. గేటు పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. మనిషి బాగా తగ్గిపోయాడు.

ఇన్నేళ్లు నిలబడ్డ ఇంజన్‌ను తాళం తిప్పి లేపకూడదు. ప్లగ్గులు తీసి, ఒక్కో రంధ్రంలో నాలుగు చుక్కల ఆయిల్ వేసి ఒక పూట వదిలేశాను. తర్వాత టైర్లు మార్చి, టాప్ గేరులో వేసి హమాలీలతో మెల్లగా ముందుకీ వెనక్కీ తోయించాను. మొదట మొరాయించింది, తర్వాత లోపల ఏదో కదిలింది. ట్యాంకులో పాత పెట్రోలు చెక్క పాలిష్ వాసన కొడుతుంటే మొత్తం కిందికి దించేశాను. పగిలిన రబ్బరు పైపులు మార్చాను. కరెంటు పాయింట్లు సన్న గరుకు కాగితంతో రుద్దాను. కొత్త బ్యాటరీ పెట్టి, ముందు ట్యాంకుతో పని లేకుండా సీసాలోంచి పెట్రోలు అందించాను. నాలుగోసారికి అందుకుంది. సైలెన్సర్‌లో కూడా ఎలుకలు కుక్కిన ఊకంతా ఒక్కసారి ఊడి గోడకు కొట్టింది. సేటు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

అప్పుడు సీసా తీసేసి, ట్యాంకులో కొత్త పెట్రోలు పోసి స్టార్ట్ చేశాను. ఆ కారుకు వెనకవైపు కరెంటు పంపు ఉంటుంది. తాళం తిప్పగానే టిక్కు టిక్కుమని కొట్టుకుంటుంది, ఇంజన్‌కు చాలినంత పెట్రోలు అందగానే ఊరుకుంటుంది. కొట్టుకుంది, ఊరుకుంది. బండి ఐదు నిమిషాలు పాడింది. తర్వాత గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు దగ్గి, ఆగిపోయింది. పది నిమిషాలు వదిలేసి తిప్పాను, మళ్లీ లేచింది. మళ్లీ ఐదు నిమిషాలు. మళ్లీ ఆగింది.

స్పానర్ కింద పెట్టాను. ఈ రోగం నాకు కొత్త కాదు.

పదకొండేళ్ల కింద కూడా ఇదే. సేటు తన వియ్యంకుడిని డ్రైవర్ పక్కన కూర్చోబెట్టి పంపిస్తే కారు దారిలో మూడుసార్లు ఆగింది. నన్ను పిలిపించారు. మిల్లు గేటు ఎదురుగా టీ కొట్టు, అక్కడే బండి నిలబెట్టారు. సేటు, వియ్యంకుడు, ఇరవై మంది హమాలీలు చుట్టూ నిలబడి నా చేతుల వైపే చూస్తున్నారు. పంపు ఊరుకుని ఉంది కాబట్టి పెట్రోలు నిండుగా ఉందనుకున్నాను. కరెంటు చూశాను, బాగుంది. నాకు అర్థం కాలేదు. నాకు అర్థం కాలేదని చెప్పడానికి నాలుగు మాటలు చాలు, ఆ నాలుగు మాటలే నా నోటికి రావు. ట్యాంకు మూత తీసి, వేలు తడిచేసి వాసన చూసి అన్నాను:

"సేటు, దీంట్ల పెట్రోల్ వాసన కన్న మీ డ్రైవర్ ఇంట్ల స్టవ్వు వాసన ఎక్కువొస్తున్నది."

అందరూ పగలబడి నవ్వారు. డ్రైవర్ ఇంట్లో రేషన్ కిరోసిన్ స్టవ్వే ఉండేది, ఆ రోజుల్లో అందరి ఇళ్లలోనూ అదే. మా వైపు కిరోసిన్‌ను గాసునూనె అంటాం. టీ కొట్టు దగ్గర ఎవరో డ్రైవర్‌ను "ఓ గాసునూనె" అని పిలిచారు. ఎవరో అని ఎందుకు, నేనే పిలిచాను. డ్రైవర్ ఒక్కటే మాటన్నాడు: "నేను కలపలే సేటు." నవ్వుల్లో అది ఎవరికీ వినబడలేదు. సేటుకు కూడా వినబడనట్టే ఉంది. వియ్యంకుడి ముందు పరువు పోయిన మనిషి చెయ్యి చాపి తాళం తీసేసుకున్నాడు. వారం తిరక్కుండా డ్రైవర్ మిల్లు మానేశాడు. ఆ కారును వేరేవాళ్లు నడపలేకపోయారు, సేటు నడపనివ్వనూ లేదు.

ఇప్పుడు ట్యాంకులో పెట్రోలు నేను స్వయంగా బంకుకు పోయి తెచ్చింది. నా చేత్తో పోసింది. రోగం మాత్రం అదే.

ట్యాంకు కిందికి దించాను. పెట్రోలు ఎంతుందో చూపే ముల్లుకు లోపల ఒక తేలే బుడ్డి ఉంటుంది, దాని మూత విప్పి టార్చి వేశాను. అడుగున ఏదో మెత్తగా, చేపలా కదిలింది. ఇనుప తీగను కొక్కెంలా వంచి లాగాను. జానెడు గుడ్డ. బూడిదరంగు గళ్ల లుంగీ ముక్క. నాలుగు అంచులూ ఎర్రదారంతో మడిచి కుట్టి ఉన్నాయి.

నూలు పోగులు ఇంజన్‌లో పడకూడదని నా తుడుపు గుడ్డలకు అంచులు కుట్టిస్తాను. మా ఆవిడ కుడుతుంది. ఎర్రదారం ఎందుకంటే, మిగతా దారాలు బట్టలకు కావాలంటుంది. జిల్లాలో ఇంకే మెకానిక్ దగ్గరా అలాంటి గుడ్డ ఉండదు.

అంతా ఒక్కసారే గుర్తొచ్చింది. కారు ఆగడానికి ముందు నెలలో, కారుతున్న ట్యాంకుకు అతుకు వేయడానికి ఇదే షెడ్డులో ఇలాగే విప్పాను. తవుడు దుమ్ము పడకుండా ఆ రంధ్రంలో గుడ్డ కుక్కాను. బిగించేటప్పుడు హమాలీలకు ఏదో జోకు చెబుతున్నాను. ఏ జోకో గుర్తులేదు. బుడ్డితో పాటు గుడ్డ కూడా లోపలికి జారింది. ఇంజన్ పెట్రోలు లాగినప్పుడల్లా గుడ్డ పైపు మూతికి అతుక్కునేది. ఆగిపోగానే లాగడం లేక ఊడి తేలేది. పంపు ఊరుకున్నది కడుపు నిండి కాదు, గొంతు మూసుకుపోయి.

"ఏం దొరికింది మిస్త్రీ?" సేటు కుర్చీలోంచి అడిగాడు.

గుడ్డను పిడికిట్లో నలిపి జేబులో కుక్కాను. ఆలోచించి చేసింది కాదు, చెయ్యే చేసింది. కానీ నోరు ఆలోచించే అంది: "తుప్పు సేటు. ముసలిదైంది గద."

"గాసునూనె పోసుడుకేనా తుప్పువట్టింది?"

తల ఊపాను.

ఆ రోజు సాయంత్రానికి ఇంజన్ షెడ్డులోనే ఆగకుండా గంటసేపు నడిచింది. సేటు బానెట్ మీద చెయ్యి వేసి, ఇంజన్ వణుకు అరచేతిలోకి వస్తుంటే కళ్లు మూసుకున్నాడు. "వాడు గట్ల జెయ్యకపోతె ఇన్నేండ్లు తిరిగేటోళ్లం" అన్నాడు. కారు గురించి అన్నాడో మనిషి గురించి అన్నాడో అడగలేదు. నా ప్యాంటు జేబు తడిసి తొడ మీద పెట్రోలు మండుతోంది.

ఇంట్లో మా ఆవిడ ప్యాంటు నానబెట్టబోతూ గుడ్డ తీసింది. అటూ ఇటూ తిప్పింది.

"ఇది నా కుట్టే. యాడ దొరికింది?"

చెప్పాను. ఆమెకు మొత్తం చెప్పడం తేలికే, ఆమె నా జోకులకు ఎప్పుడూ నవ్వలేదు కాబట్టి.

"పదకొండేండ్లు పెట్రోల్ల నానినా ఒక్క పోగు ఊడలే" అంది. "నీ మాట కన్న నయం. పో, ఆయన్ని సూసి రా."

ఆయన కోదాడలో ట్రాలీ ఆటో నడుపుతున్నాడని విన్నాను. కోదాడ పోయి బస్టాండ్ దగ్గర దిగాక తెలిసింది, ఆయన పేరు నాకు గుర్తులేదు. ఎంత తవ్వినా రాలేదు. నేను పెట్టిన పేరు అసలు పేరు మీద ఎక్కి కూర్చుంది. మిర్యాలగూడ నుంచి వచ్చాడు, వయసు యాభై ఐదు దాటి ఉంటుంది, అని నాలుగు ఆటోలవాళ్లకు చెప్పి చూశాను. చివరికి తల దించుకుని ఆ మాటే అడిగాను.

"గాసునూనె బాబాయా? ముందే అలా అడగొచ్చుగా" అన్నాడు ఒకతను. "అదిగో, సిమెంటు దించుతున్నాడు."

వడ్ల లోడుతో వచ్చిన మిర్యాలగూడ హమాలీ ఎవరో ఒకసారి అలా పిలిచాడట. ఆ పేరు యాభై కిలోమీటర్లు నడిచి వచ్చేసింది.

ట్రాలీ ముందు అద్దం మీద ఆయన అసలు పేరు రాసి ఉంది. చదివాను. ఇక్కడ రాయను. నా వల్ల ఆయనకు వచ్చిన పేరు ఒకటి ఇప్పటికే ఎక్కువైంది.

నన్ను చూసి గుర్తుపట్టాడు. "రండి మిస్త్రీ గారూ, బాగున్నారా" అన్నాడు. ఒకప్పుడు "ఏంరా" అనేవాడు. అది ఆంధ్రా సరిహద్దున ఉన్న కోదాడ మర్యాదా, ఇంకేమన్నానా అన్నది ఆ గొంతులో స్పష్టంగానే ఉంది.

గుడ్డ తీసి ఆయన చేతిలో పెట్టాను. "అన్నా, గిది ట్యాంకుల ఉండె. నాదే. నువ్వేం కలపలే" అన్నాను.

ఆయన ఎర్ర అంచు వెంబడి బొటనవేలితో తడుముతూ పోయాడు. నాలుగు వైపులా అయ్యాక అన్నాడు: "ఆ నెల మా ఇంట్లో స్టవ్వు నూనె తొందరగా అయిపోయింది. చుట్టాలొచ్చారు, అందుకని. మా ఆవిడ కూడా నా మొహం చూసింది. ఏమీ అడగలేదనుకోండి. చూసింది, అంతే."

"తప్పయింది అన్నా."

"నాకు చెబితే ఏమొస్తుందండీ? కలపలేదని నాకు ముందే తెలుసు." గుడ్డ నాకు తిరిగిచ్చేశాడు. "ఎక్కడన్నారో అక్కడ చెప్పండి. నేనూ వస్తా."

రెండు రోజుల తర్వాత మిల్లు గేటు ఎదురుగా, అదే టీ కొట్టు. కనుబొమ్మల మీద తవుడుతో హమాలీలు. ఫోన్ చేసి రమ్మంటే సేటు కూడా వచ్చి బల్ల మీద కూర్చున్నాడు. డ్రైవర్‌ను చూసి మొహం తిప్పుకున్నాడు. నేను గొంతు సవరించుకున్నాను.

"ఆ దినం కార్ల గాసునూనె లేకుండె. ట్యాంకుల నా గుడ్డ ఉండె. నేనే మర్చిపోయిన."

హమాలీలు నా మొహం చూశారు. తర్వాత అందరూ నవ్వారు.

"షురూ జేసిండు మిస్త్రీ" అన్నాడో హమాలీ. "గుడ్డ ఉండెనట. చెడ్డీ గూడ ఉండెనా?"

ఇంకా నవ్వులు. ఆ నవ్వు నాకు చిన్నప్పటి నుంచీ తిండి. ఆ రోజు గొంతు దిగలేదు. ఏ మాటన్నా జోకే అవుతుందని తెలిసి, ఇంకేమీ అనకుండా ట్యాంకు గుడ్డనూ నా సంచిలోని కొత్త తుడుపు గుడ్డనూ సేటు ముందు బల్ల మీద పక్కపక్కన పరిచాను. రెండింటికీ ఒకటే కుట్టు, ఒకటే ఎరుపు. నవ్వులు ఒక్కొక్కటిగా తగ్గాయి. చివరివాడు నవ్వడం ఆపేదాకా నిలబడటం చాలా కష్టమైంది.

సేటు రెండు గుడ్డలూ పట్టుకుని చాలాసేపు చూశాడు. "మొన్న నేనడిగితె తలకాయ ఊపితివి గద."

"ఊపిన సేటు."

ఆయన నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. డ్రైవర్ వైపు తిరిగి, అసలు పేరు పెట్టి పిలిచాడు. "కారు బయటికి తియ్యాలె. నాకు రాదు గద" అన్నాడు.

"తీస్తానండీ. మీరు పక్కన కూర్చుంటేనే."

టాపు మడిచి, ఇద్దరూ భుజాలు రాసుకుంటూ వాడపల్లి రోడ్డు పట్టుకున్నారు. నేను టీ కొట్టు స్తంభానికి ఆనుకుని, ఎక్కడన్నా ఆగిన చప్పుడు వినిపిస్తుందేమోనని నిలబడ్డాను. నన్నెవరూ జోకు చెప్పమని అడగలేదు. గంట తర్వాత ఆగకుండా వచ్చారు. సేటు కళ్లు ఎర్రగా ఉన్నాయి. గాలికి అలా అయ్యాయన్నాడు.

టీ కొట్టు నడిపే అక్క ఇదంతా మొదటి నుంచీ విన్నది. గ్లాసు నింపి ముందుకు చాపింది. "గాసునూనె అన్నా, చాయ్ తాగు. శాన దినాలాయె."

ఆ గొంతులో ప్రేమే తప్ప ఇంకేం లేదు. డ్రైవర్ గ్లాసు అందుకున్నాడు.

"ఆయన పేరు గది గాదక్కా" అని, అద్దం మీద చదివిన పేరు చెప్పాను.

ఆమె నా భుజం మీదుగా రోడ్డు వైపు చూసింది. "ఎవలు, ఇంకొకాయన వచ్చిండా?" అంటూ మరో గ్లాసు కడిగి, టీ పోసి బల్ల మీద పెట్టింది.

ఆయన తన టీ తాగేసి, ఖాళీ గ్లాసు పక్కన పెట్టి, రెండోదీ చేతిలోకి తీసుకున్నాడు.

"ఇదీ నాదేనమ్మా" అన్నాడు.