ఆకు తిప్పితే గొర్రెపిల్ల

నాకు నౌకరి వచ్చింది! సముద్రం అడుగున ఫొటోలు తీసే నౌకరి. తిమింగలాలవి కాదు, సొరచేపలవీ కాదు, నువ్వుగింజంత ప్రాణులవి. పొద్దున అండమాన్ నుంచి ఫోన్ వచ్చేసరికి హన్మకొండ లేడీస్ హాస్టల్లో పళ్లు తోముకుంటున్నాను. నోట్లో నురగతోనే ఊఁ కొట్టాను. లైన్ బాగాలేదనుకుని వాళ్లు మళ్లీ మొదటినుంచి చెప్పారు. అలా మంచి వార్త రెండుసార్లు విన్నాను.

మా ఇంట్లో డిగ్రీ దాకా చదివింది నేనే మొదలు. ఆ తర్వాత ఏం చేయాలో ఎవరికీ తెలియదు కాబట్టి, అందరికీ తెలిసిన బీఎడ్ చేయమన్నాడు బాపు. నెక్కొండ దగ్గర మిర్చి పండిస్తాడు. సముద్రం నౌకరికి ఒక్కసారి పెట్టుకోమన్నాడు, రాకపోతే బీఎడ్ ఫారం నింపాల్సిందే. ఆ ఫారం ఇంకా నా బ్యాగులోనే ఉంది.

నాకు ఈత నేర్పింది మా చేని బావి. నడుముకు ఖాళీ నూనె డబ్బా కట్టి నాయనమ్మ నన్ను అందులోకి తోసేది. పోయిన చలికాలం అండమాన్‌కు డైవింగ్ ట్రైనింగ్‌కు పోతే డబ్బాకు బదులు వీపున సిలిండర్ కట్టారు, అంతే తేడా. అసలు కష్టం ఫొటోతోనే. అంత దగ్గర నుంచి తీస్తే వెంట్రుక మందం మాత్రమే స్పష్టంగా వస్తుంది. నీళ్లు ఊగుతాయి, నేను ఊగుతాను, ఆ ప్రాణి తన పని మీద తాను పోతుంది. పది రోజుల్లో బాగా వచ్చిన ఫొటో ఒకటే, నా బొటనవేలిది.

పదకొండో రోజు బాపు గుర్తొచ్చాడు. ఆకు అడుగున దాక్కునే తామరపురుగు పడ్డ ఏడాది నా సెలవులన్నీ మిర్చి ఆకులు తిప్పడంతోనే గడిచాయి. పైపైన చూసి బాగుందంటే ఒప్పుకునేవాడు కాదు. సముద్రంలోనూ ఒక నాచు ఆకు తిప్పాను. అడుగున గుల్ల లేని బుల్లి నత్త ఒకటి: పచ్చటి ఒంటి నిండా మొలిచిన చిట్టి ఆకులు, గొర్రెపిల్ల మొహం, చుక్కల్లాంటి కళ్లు. మెల్లగా ఊపిరి వదులుతూ బటన్ నొక్కాను.

తిరిగొచ్చి, రెండు రోజులు మా చేనులో తిరిగి, హాస్టల్ చేరాక ఆ ఫొటోను బాపుకు వాట్సాప్ చేశాను, ఒక్క ముక్క రాయకుండా. ఆయన నేరుగా పురుగుమందుల దుకాణానికి పోయాడు. సేటు కళ్లద్దాలు తుడుచుకుని చూసి, ఇది కొత్త రకమని తేల్చి, ముందైతే వేపనూనె కొట్టమన్నాడట. సాయంత్రానికి చుట్టుపక్కల రైతులంతా వంగి ఆకులు తిప్పుతున్నారు. అప్పుడు ఫోన్ చేశాడు బాపు.

"బిడ్డా, గీ పురుగు మన చేన్ల ఏ మూలకు దొరికింది?"

"చేన్ల కాదు బాపూ, అది సముద్రంల ఉంటది."



"అండ్ల మిర్పతోట ఎవ్వలేసిన్రు?"

అది నాచు తిని, అందులోని పచ్చదనాన్ని ఒంట్లో దాచుకుని, ఎండ తగిలితే దాంతోనే కొన్నాళ్లు గడుపుతుందని చెప్పాను. తినేది గాక దాచుకునుడు కూడానా అంటూ దాన్ని దొంగల్లో కలిపేశాడు.

నౌకరికి ఆ ఫొటోనే పంపాను. ఇంటర్వ్యూలో అదెలా కంటపడిందని అడిగితే మిర్చి చేను సంగతి చెప్పాను. ఆకు తిప్పి చూసేవాళ్లే తమకు కావాలని ఇవాళ ఫోన్‌లో అన్నారు.

నోరు కడుక్కుని ముందు బాపుకే చెప్పాను. పొద్దంతా నీళ్లలోనే ఉండాలా అని అడిగాడు. గంట గంటకూ పైకొస్తానన్నాను. మరి బీఎడ్ ఫారం ఏం చేయాలన్నాను.

"ఎవ్వలకన్న ఇయ్యి. నువ్వు పో బిడ్డా. గని ఆకు తిప్పుడు మర్వకు."

ఇంకా ఫోన్ చేయాల్సింది: మిర్చి ఏరుతున్న అమ్మకు, ఫోన్ గట్టు మీద పెట్టి ఉంటుంది, ఎత్తేదాకా చేయాలి. నాయనమ్మకు, గట్టిగా అరవాలి. కెమెరా ఇచ్చిన దోస్తుకు, దాని మీద గీత పడ్డ సంగతి కూడా ఇవాళే చెప్పేస్తే తిట్టదు. బీఎడ్ ఫారం కోసం తిరుగుతున్న పక్క గది అక్కకు. దుకాణం సేటుకు, ఇక వేపనూనె ఆపమని.