బావ కుడి చెవి

మొన్న మా అక్క ఫోన్ చేసి, బావకు ఎడమ చెవి పూర్తిగా పోయిందని చెప్పింది. "జెర వచ్చి చూసిపో చెల్లె. పాత కోపం గిట్ల మనసుల పెట్టుకోకు," అంది. పెట్టుకోకుండా ఎట్లా ఉంటాను? ఆ కోపం నా దగ్గర అద్దెకు దిగలేదు, సొంతిల్లే కట్టుకుంది. పద్మారావు నగర్‌లో మా ఇంటి నుంచి చిలకలగూడలో వాళ్ళ ఇల్లు ఎంతో దూరం లేదు. అయినా కావాలని మోండా మార్కెట్ అంతా తిరిగి, సీతాఫలాలు బేరమాడి, ఎంత ఆలస్యంగా వెళ్ళగలనో అంత ఆలస్యంగా బయల్దేరాను. ఆటోలో కూర్చున్నంతసేపూ నాకు గుర్తొచ్చింది పోయిన చెవి కాదు, ఇంకోటి.

మా బావ విమానం కెప్టెన్‌గా రిటైరయ్యాడు. అదే కంపెనీలో నేను కో-పైలట్‌గా చేరినప్పుడు ఇంట్లో అందరికంటే ఎక్కువ ఏడ్చింది ఆయనే. "ఆడపిల్లకు బ్యాంకు నౌకరీ చూడుండ్రి మామా, ఇమానం గిమానం ఎందుకు?" అని మా నాన్నకు చెప్పి చూశాడు. నాన్న వినలేదు. ఆ రోజుల్లో కాక్‌పిట్‌లో కంపెనీ హెడ్‌సెట్‌లు వేలాడుతూ ఉండేవి. ఎవరు డ్యూటీకి వస్తే వాళ్ళు తగిలించుకోవడమే. ముందు నడిపినవాడి చెమట, తలనూనె, నిన్నటి సెంటు, అన్నీ ఆ చెవి డిప్పల మెత్తలోనే ఉండేవి. పెట్టుకుంటే పరాయివాళ్ళ దిండు మీద పడుకున్నట్టే. అందుకే చేతిలో డబ్బాడినవాళ్ళు సొంతది కొని తెచ్చుకునేవారు. బావ తనది పరాయి దేశం నుంచి తెచ్చుకున్నాడు. మా అక్క దానికోసం మఖమల్ బట్ట కొని సంచీ కుట్టింది. ఆ సంచీ వాళ్ళ హాలు షోకేసులో, పెళ్ళి ఫోటో పక్కన కూర్చుండేది. మా నాన్న ఒకసారి ముచ్చటపడి ఆ హెడ్‌సెట్ తలకు పెట్టుకోబోతే, బావ చేతిలోంచి లాక్కున్నాడు. ఆ తరవాత నాన్న ఆ ఇంట్లో సోఫా అంచునే కూర్చునేవాడు. నాకైతే ఆ సంచీ కనబడినప్పుడల్లా ఒళ్ళు మండేది.

కొన్నాళ్ళకు నేనూ ఒకటి కొన్నాను. బావ చూసి, "ఏందీ, నువ్వు సుత కొన్నవా? ముందుగాల ఇనుడు నేర్చుకో," అన్నాడు. ఈ మాట అన్న మనిషి ఎట్లా వినేవాడో చెబుతాను. కెప్టెన్ ఎడమ సీట్లో, కో-పైలట్ కుడి సీట్లో కూర్చుంటారు. హెడ్‌సెట్ పెట్టుకున్నా, పక్కవాళ్ళ వైపు డిప్పను కొంచెం వెనక్కి జరిపి ఆ చెవి తెరిచి ఉంచడం మా దగ్గర చాలామందికి అలవాటు. అంటే కెప్టెన్ కుడి చెవి కో-పైలట్‌ది. అది రూలు కాదు, మర్యాద. బావ మిగతా కో-పైలట్లందరికీ ఆ మర్యాద చేసేవాడు. నేను పక్కన ఉంటే మాత్రం కుడి డిప్పను అదిమి పెట్టుకుని, కిటికీ వైపున్న ఎడమ చెవి తెరిచేవాడు. నా గొంతుకంటే ఆ గాలి మోతే నయమన్నమాట! మైకులో మాట్లాడొచ్చు కదా అంటారేమో, హెడ్‌సెట్‌లోకి నా గొంతు వచ్చే మీట కూడా తగ్గించేసేవాడు. విమానాశ్రయం టవర్ వాళ్ళు వినిపిస్తే ఆయనకు చాలు.

ఒక వానాకాలం సాయంత్రం శంషాబాద్‌లో దిగుతున్నాం. నడుపుతున్నది ఆయన. వేగం ఉండాల్సిన దానికంటే తగ్గిపోతోంది, ఇంకా తగ్గితే విమానం గాల్లో నిలవదు. అది కనిపెట్టి చెప్పడమే నా పని. "స్పీడ్, సర్," అన్నాను. ఇంట్లో బావా అన్నా, విమానంలో సర్ అనాలి. మళ్ళీ అన్నాను. ఆయన అద్దం మీది వానను చూస్తున్నాడు. రెండుసార్లు చెప్పినా పలకకపోతే విమానాన్ని నేను చేతిలోకి తీసుకోవచ్చు. నా చెయ్యి ముందు అంతకంటే పెద్ద నేరం చేసింది. ఆ కుడి డిప్పను పట్టుకుని లాగేసింది. "స్పీడ్!" అని అరిచాను. అప్పటికి చెవిన పడింది. ఇంజిన్ల శక్తి పెంచి, విమానాన్ని మళ్ళీ పైకి లేపి, ఒక చుట్టు తిరిగొచ్చి దింపాడు. వెనకున్నవాళ్ళు వానను తిట్టుకుని ఉంటారు.

నేల మీద ఆగాక ఆయన నోట్లోంచి వచ్చిన మొదటి మాట, "నా హెడ్‌సెట్ మీద చెయ్యేస్తవా?" అంతమంది ప్రాణాల ఊసే లేదు. నాకు కాక్‌పిట్ మర్యాద తెలియదని పైవాళ్ళకు చెప్పాడు. నేనూ జరిగింది జరిగినట్టు చెప్పాను. ఇంటి తగాదాలు విమానం దాకా తేవద్దమ్మా అని నవ్వారు. నాతో చేరినవాళ్ళంతా కెప్టెన్లయి ఎడమ సీట్లోకి మారిన చాలా కాలానికిగానీ నాకు ఆ సీటు రాలేదు. ఇంట్లో మాత్రం నేను ఆయన తల మీద చెయ్యి చేసుకున్నానని ప్రచారం. అక్క నన్ను సారీ చెప్పమని బతిమాలింది. చెప్పలేదు. ఇప్పటికీ చెప్పను.

మొన్న వెళ్ళేసరికి బావ సోఫాలో ఉన్నాడు. చిక్కిపోయాడు. షోకేసులో సంచీ అట్లాగే ఉంది. చెవి పోయింది వయసు వల్లనే అన్నాడట డాక్టరు. నేను మాత్రం నన్ను తప్పించుకోవడానికి ఆ చెవిని కిటికీ మోతకు అప్పగించి పోగొట్టుకున్నాడనే నమ్ముతాను. దానికి రుజువు అక్కర్లేదు, కోపం చాలు. "ఈ పక్క కూసో చెల్లె, ఆ చెవొక్కటే ఇనొస్తది," అని అక్క నన్ను ఆయన కుడివైపు కూర్చోబెట్టి వంటింట్లోకి వెళ్ళింది. ఆయన ఎడమన, నేను కుడిన. బావ చెవి వెనక అరచెయ్యి ఆనించి, నావైపు వంగి, "ఏందీ? జెర గట్టిగ చెప్పు," అన్నాడు.

ఎన్ని ఊళ్ళ హోటల్ గదుల్లో, ఎన్ని అద్దాల ముందు ఈ మనిషికి చెప్పాల్సిన మాటలు సిద్ధం చేసుకున్నానో! ఒక్కటీ రాలేదు. గొంతు పెంచలేదు. ఆ రోజు మొదటిసారి ఎట్లా అన్నానో అట్లాగే అన్నాను.

"స్పీడ్, సర్."

అరచెయ్యి చెవి వెనకే ఉండిపోయింది. "ఏమన్నవే?" అని అక్క వంటింట్లోంచి అడిగింది. ఆయన నావైపే చూస్తూ, వినపడనివాళ్ళు మాట్లాడినట్టు పెద్దగా, "ఇన్న," అన్నాడు. నాకు జాలి కలగలేదు. తెచ్చిన వాటిలో బాగా పండిన సీతాఫలం ఏరుకుని నేనే తిన్నాను. మా ఇద్దరి సీట్ల మధ్య ఉన్నది చెయ్యి చాస్తే అందేంత దూరమే, నా మాట దాన్ని దాటడానికి ఇన్నేళ్ళు పట్టింది.