ఏంటండీ పెరిగేది?

పాతికేళ్లుగా హైస్కూల్లో తెలుగు చెబుతున్నాను. కర్త లేకుండా వాక్యం రాస్తే పిల్లల్ని ఊరుకోను. అలాంటిదాన్ని, మా ఆయన ప్రాణాల మీదికి వచ్చిన రోజున కర్త ఏదని అడగడం మరిచిపోయాను.

ఆయనకు పెద్దపేగు క్యాన్సర్ ఆపరేషన్ నిరుడే అయింది. గండం గడిచిందనుకుంటుంటే స్కానింగ్‌లో లివర్ మీద రెండు మచ్చలు కనబడ్డాయి. రాజమండ్రిలో పెద్ద డాక్టరు గారు కాగితం మీద లివర్ బొమ్మ వేసి, కుడివైపున అడ్డంగా గీత గీశారు.

"ఈ మచ్చలున్న భాగం తీసేస్తామండి. మళ్ళీ పెరుగుతుంది. మూడు నెలలు పట్టొచ్చు. కంగారేం లేదు."

కోసినా మూడు నెలల్లో మళ్ళీ పెరిగే జబ్బుకి కంగారు లేదంటాడేంటి ఈ మనిషి! ఫైలు చంకన పెట్టుకుని, మా ఆయన్ని వెంటబెట్టుకుని బయటికొచ్చేశాను.

బస్సులో మా ఆయన మెల్లగా అన్నారు. "మళ్ళీ వచ్చేదానికి పొట్ట కోయించుకోవడం ఎందుకే? వదిలేద్దాం."

ప్రతి మాటకీ ఎదురు చెప్పేదాన్ని, ఆ రోజు సరేనని తలూపాను. బ్రిడ్జి దాటి కొవ్వూరు వచ్చేదాకా ఆయన చెయ్యి వదల్లేదు. భయం, ఒట్టి భయం.

నాలుగు రోజులు అన్నం సహించలేదు. ఐదో రోజు ఆసుపత్రి నుంచి నర్సు ఫోన్ చేసింది, ఆపరేషన్‌కి ఎప్పుడు చేరతారని. నా భయమంతా కోపమై ఆ పిల్ల మీద పడింది. "మళ్ళీ పెరిగేదానికి కోత ఎందుకమ్మా? మేం రాం!" ఆమె బెదిరిపోయి డాక్టరు గారికిచ్చింది.

"ఏంటమ్మా పెరిగేది?" అన్నారాయన.

"మీరే అన్నారు కదండీ, తీసేసినా మళ్ళీ పెరుగుతుందని!"

"అయ్యో, నేనన్నది లివరమ్మా! మిగిలిన ముక్క పెరిగి ఒంటికి సరిపోతుంది. జబ్బు సంగతి కాదు."

"మరి జబ్బు?"

"మళ్ళీ రాదని మాటివ్వలేనండి. తీయించకపోతే మాత్రం ఆగదు. ఇంక ఆలస్యం చెయ్యొద్దు."

ఫోన్ పెట్టేసి అక్కడే కూలబడి ఏడ్చాను. చేతులారా మనిషిని పోగొట్టుకునేదాన్ని కదా! సంగతి విని ఆయన, "అయితే కోసినా మళ్ళీ పెరిగే మన పెరటి అరటి పిలకలాగే అన్నమాట. టీచరమ్మ గారికి సున్నా మార్కులు," అన్నారు.

ఆపరేషన్ అయింది. మూడు నెలలకు స్కానింగ్ తీయించుకుని మళ్ళీ అదే గదిలో కూర్చున్నాం. డాక్టరు గారు కంప్యూటర్ వైపు చూస్తూ, "బాగా పెరిగిందండి," అన్నారు.

మా ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. నాకంతా తెలుసు, అయినా ఊరుకోలేకపోయాను.

"ఏం పెరిగిందో పూర్తిగా చెప్పండి బాబూ!"

"లివరమ్మా. లివర్ పెరిగింది."

"మరి రెండోది, ఆ జబ్బు?"

"ఈసారికి ఏమీ కనబడలేదు."

ఈసారికి అంటే ఏంటని నేను అడగలేదు.