నా తిట్టే పాఠమైంది

సోమవారం ఉదయం ఆరుంబావుకు మా మనవరాలు ఏడుపు మొదలుపెట్టింది. పదింటికి మొయినాబాద్‌లో ఒక ప్రైవేటు బడిలో ఇంగ్లీషు పాఠం చెప్పి చూపించాలి. నచ్చితేనే ఉద్యోగం. పాఠానికి బడివాళ్లు ఇచ్చిన ఇంగ్లీషు పదం ‘ఓవర్‌రాట్’. మనిషి గురించి అంటే మితిమీరిన కంగారు, రాత గురించి అంటే మితిమీరిన అలంకారం అని అర్థమట.

రాసుకున్న మూడు పేజీలూ చదివి వినిపించింది. అంతా పెద్ద పెద్ద మాటలే. నడుమ వెక్కిళ్లు.

“ఎందుకే గింత ఓవర్ చేస్తున్నవ్? నీ ఏడుపూ ఓవరే, నీ రాతా ఓవరే” అన్నాను.

ఆమె ఏడుపు ఆపింది. “అవ్వా, మళ్ల అను.”

“తిట్టు గంత మంచిగున్నదా?”

“తిట్టు కాదవ్వా, అదే నా పాఠం!”

చేవెళ్ల నుంచి తోడుగా నేనూ వెళ్లి బడి వరండాలో కూర్చున్నాను. లోపల ఆమె పిల్లలను అడిగింది: “ఓవర్ చేయకు అని ఇంట్లో ఎప్పుడంటరు?”

“పరీక్షకు ముందు ఏడిస్తే, మిస్!”

“మా అత్త పెళ్లికి ఉన్న నగలన్నీ వేసుకుంటే!”

పిల్లల నవ్వుల మధ్యే ఆమె బోర్డు మీద ఆ ఇంగ్లీషు మాట, పక్కన దాని రెండు అర్థాలూ రాసింది. గురువారం నుంచి పనిలోకి రమ్మన్నారు.

ఆ రోజు పోయినవి: పొయ్యి మీద పొంగిన అర లీటరు పాలు, అందని ఎనిమిదింటి బస్సు, అక్కరకు రాని మూడు పేజీలు.