ఎడమచేతి జడ

చెరకు మోపయితే లారీ దగ్గర దించేసేవాణ్ణి. ఇది దించడానికి ఇన్నేళ్లుగా చోటు దొరకలేదు. మీరు నన్నెరగరు. అందుకే మీ ముందు దించుతున్నాను.

తొంభైల నాటి మాట. ఏడో తరగతిలో నేను బడి మానేశాను. బడే నన్ను మానేసిందని చెప్పుకునేవాణ్ణి. చోడవరంలో అక్క ఇంట్లో చేరాను. బావ చెరకు నరికే జట్టుకి మేస్త్రీ. నా చేతికి కత్తి ఇచ్చిందీ, పని నేర్పిందీ, ముందు నాకు వడ్డించమని అక్కతో చెప్పిందీ ఆయనే.

ఆ ఏడు ఫ్యాక్టరీలో చెరకు క్రషింగ్ అయిపోయాక జట్టంతా వ్యాన్ మాట్లాడుకుని భీమిలి బయల్దేరాం. ముందు ఎర్రమట్టి దిబ్బలు, ఆ తర్వాత భీమిలిలో డచ్చివాళ్ల సమాధులు, ఒడ్డుకొచ్చే వేట పడవలు చూడాలని. జట్టులో పెద్దామె నరసమ్మత్త అప్పటికి సముద్రమే చూడలేదు.

దిబ్బల్లో వాన కోసిన సందులన్నీ ఒక్కలాగే ఉంటాయి. తోటలో చెరకు పడిపోకుండా ఆకులు మెలిపెట్టి గడల్ని కలిపి కడతాం, జడ చుట్టడం అంటాం. వెనక మెల్లగా వస్తున్న నరసమ్మత్తకి గుర్తుగా, బావ మలుపు దగ్గర గడ్డిని అలాగే జడ చుట్టాడు. అందరూ ముందుకెళ్లాక నేను దాన్ని విప్పి పక్క సందు దగ్గర ఇంకోటి చుట్టాను. ఎందుకు? ఆవిడ తిరిగి తిరిగి వచ్చి తిడితే నవ్వుకుందామని. అంతేనా? నా మాటకి నవ్వేవాళ్లంతా బావ మాటే వింటారన్న కుళ్లు కూడా ఉందేమో.

ఆవిడ రాలేదు. పొద్దు వాలే వేళకి, కాలు మడతపడి ఒక సందులో కూర్చుని కనిపించింది.

"జడ సూసే వచ్చేను నాయనా," అని ఏడ్చింది. అందరూ బావ వైపు చూశారు.

ఆవిణ్ణి ఎత్తుకుని వాళ్లు ముందు నడిచారు. బావ నేను చుట్టిన జడ దగ్గర ఆగాడు, వెనకే నేనూ. నాది ఎడమచేతి వాటం, నా మెలిక ఎదురు తిరుగుతుంది. ఆయన వేలితో తడిమి చూసి, విప్పేశాడు.

"బావా, అది ఎవులు కట్టేరో..." అన్నాను.

"నానే కట్టేను. అడగడమేటి? మొకం తుడుసుకో. మీ అక్క ముందు ఈ మొకం ఎట్టుకుని రాకు."

భీమిలి చూడకుండానే వ్యాన్ వెనక్కి తిరిగింది. మరుసటి సీజనుకి జట్టు వేరే మేస్త్రీని పెట్టుకుంది. బావ అతని కింద చెరకు నరికాడు. నేనైనా నోరు మూసుకున్నానా? అనుమానం నా మీదికి రాకుండా, మమ్మల్ని భీమిలి చేర్చలేకపోయాడని ఆయనకి 'భీమిలి మేస్త్రీ' అని పేరు పెట్టాను. ఊరంతా అదే పట్టుకుంది. ఆయనా నవ్వాడు. నరసమ్మత్త కాలు నయమయ్యాక, బస్సులో తీసుకెళ్లి ఆవిడకి సముద్రం చూపించుకొచ్చాడు.

ఆయన ఒక్క మాట అనుంటే ఆ ఇంట్లో నాకు కంచం ఉండేది కాదు. నా పెళ్లి, నా పిల్లలు, ఈ పూట అన్నం, అన్నీ ఆయన అనని ఆ మాట పెట్టిన భిక్షే. బతికుండగా దండం పెట్టానా? పెట్టాలంటే ముందు తప్పు చెప్పాలి కదా. పోయినేడు ఆయన పోయాడు. పాడె మోస్తున్నప్పుడు కూడా వెనక ఎవరో 'భీమిలి మేస్త్రీ' అన్నారు.

అక్కకి చెప్పాలి. చెబుతానో లేదో తెలియదు. మీకైతే చెప్పాను. ఎవరినీ నవ్వించకుండా ఇంతసేపు మాట్లాడటం నా బతుకులో ఇదే మొదలు.