పప్పులో ఉప్పు తక్కువైన వెబ్‌సైట్

వెబ్‌సైట్లలో ఉన్న రాతను ఎవరూ చదవరు. ఇది కోపంతో అంటున్న మాట కాదు. సరే, కొంచెం కోపం కూడా ఉంది. నిజామాబాద్ బస్టాండుకు దగ్గర్లో, ఒక మొబైల్ దుకాణం పైఅంతస్తులో కూర్చుని ఏళ్ల తరబడి వెబ్‌సైట్లు తయారుచేస్తున్నదాన్ని. రైసుమిల్లుల వాళ్లకు చేశాను, ప్రైవేటు స్కూళ్ల వాళ్లకు చేశాను, మోర్తాడ్ పసుపు వ్యాపారులకు చేశాను. ఒక్కరంటే ఒక్కరు "ఈ వాక్యం మంచిగున్నదమ్మా" అన్న పాపాన పోలేదు. అందరిదీ ఒకటే పాట: "లోగో ఇంకింత పెద్దగ చెయ్యున్రి." చేస్తే, "ఇంకింత" అంటారు. ఒక్కోసారి లోగోలోనే వెబ్‌సైటు పెట్టి ఇచ్చేద్దామా అనిపిస్తుంది.

అందుకే నాకంటూ ఒక బ్లాగు పెట్టుకున్నాను. దానికి లోగో లేదు. నా పేరు కూడా లేదు. మా ఇల్లు బోధన్‌లో. పొద్దున బస్సులో కిటికీ పక్క సీటు దొరికిందంటే ఆ రోజు ఒక ముక్క రాసినట్టే. బోధన్‌లో మొదలుపెడితే ఎడపల్లి దాటేసరికి మొదటి పేరా అయిపోతుంది. ముందు చెరుకు ట్రాక్టరు అడ్డం వచ్చిందంటే ఆ ముక్క కొంచెం పొడుగవుతుంది. ఆఫీసులోకి అడుగుపెట్టాక ఇక నా బతుకు నాది కాదు. ఫోన్లు, లోగోలు, "అర్జెంటు మేడం" అనే మా సారు. కాబట్టి నేను రాసిందంతా బొటనవేళ్లతో, కుదుపుల మధ్య రాసిందే.

ఆ బ్లాగుకు ప్రాణం మా అత్తమ్మ. నేను మొదట్లో ఉద్యోగం గురించి రాశాను, ఎవరూ పట్టించుకోలేదు. ఒకసారి ఆమె కూరగాయల బండివాడితో బేరమాడిన తీరు రాశాను, ఎక్కడెక్కడి వాళ్లో వచ్చి "మీ అత్తమ్మ కబుర్లు ఇంకా రాయండి" అని అడిగారు. ఇక నాకేం కావాలి? ఆమె తుమ్మినా రాశాను, దగ్గినా రాశాను. ఆమెకు మాత్రం చెప్పలేదు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

చెప్పకపోవడానికి కారణముంది. మా ఆయన వరికోత మిషను నడిపిస్తాడు. కోతల కాలం వచ్చిందంటే ఏ ఊళ్లో ఉంటాడో ఆయనకే తెలియదు. మా బాబును బడికి తోలి, తీసుకొచ్చి, అన్నం తినిపించి, నేను వచ్చేదాకా కనిపెట్టుకుని ఉండేది అత్తమ్మే. ఆమె ఒక్కసారి మనసు విరిగి "నాతోని కాదు" అన్నదంటే నా బస్సు, ఉద్యోగం, బ్లాగు అన్నీ బోధన్‌లోనే ఆగిపోతాయి. అదీగాక ఆమె అంటే నాకు ఇష్టం. ఆ ఇష్టంతోనే రాసేదాన్ని. కానీ రాసింది చదివినవాళ్లకు ముందు కనపడేది ఇష్టం కాదు, వెక్కిరింపు.

ఇప్పుడు మా పనిలో ఒక సంగతి చెప్పాలి. వెబ్‌సైటులో ఉండాల్సిన రాతను మా దగ్గర 'మ్యాటర్' అంటారు. అది సైటు కట్టించుకునేవాళ్లే ఇవ్వాలి. ఇవ్వరు. "రేపు పంపిస్త" అంటారు. ఆ రేపు వచ్చేదాకా ఖాళీ చోట ఏదో ఒక డమ్మీ మ్యాటర్ నింపి డిజైను చూపించాలి. ఇంగ్లీషు అక్షరాల్లో దొరికే డమ్మీ పెడితే తెలుగు ఒత్తులు తెర మీద విరుగుతున్నాయో లేదో తెలియదు. మా సారు దినపత్రిక చూసి టైపు చేయమంటాడు. అంత తీరిక ఎవరికుంది? నా దగ్గర చక్కగా టైపు చేసి పెట్టిన తెలుగు బోలెడంత ఉంది కదా. బ్లాగులోంచి ఒక ముక్క తీసి అతికించేదాన్ని. అసలు మ్యాటర్ రాగానే తీసేసేదాన్ని. ఎవరూ చదవరని చెప్పాను కదా, ఏనాడూ ఎవరూ పట్టుకోలేదు.

అట్లా ఉండగా ఒక ఫంక్షన్ హాలు ఓనరు వచ్చాడు. కొత్త హాలు, బోధన్ రోడ్డు మీద. మంచి మనిషి, నన్ను "చెల్లె" అని పిలిచేవాడు. పెండ్లి పందిరికి ఒక పేజీ, పార్కింగుకు ఒక పేజీ, భోజనాలకు ఒక పేజీ కావాలన్నాడు. మ్యాటర్ అడిగితే యథాప్రకారం "రేపు" అన్నాడు. నేను భోజనాల పేజీలో, తళతళలాడే డైనింగ్ హాలు ఫోటో కింద, సందర్భానికి తగ్గట్టు ఉంటుందని ఒక ముక్క పెట్టాను.

అది ఇది: "మా అత్తమ్మ పెండ్లికి పోతే పిల్లను చూడదు, పిల్లగాన్ని చూడదు. పందిరి వైపు కన్నెత్తి కూడా చూడదు. చెప్పులు విడిచీ విడవకముందే భోజనాల దగ్గరికి నడుస్తుంది. మొదటి బంతిలో మూల కుర్చీ ఆమెది. అక్కడ తలంబ్రాలు పడేసరికి ఇక్కడ ఆమె పెరుగు దాకా వచ్చి ఉంటుంది. ఇంటికొచ్చాక 'పిల్ల ఎట్లుందత్తమ్మా' అని అడిగితే, 'పప్పుల ఉప్పు తక్కువైంది' అంటుంది." మధ్యలో కొంత వదిలేశాను. అందులో ఆలుగడ్డ కూర మీద ఆమె ఇచ్చిన తీర్పు కూడా ఉంది.

మ్యాటర్ రాలేదు. మనిషి వచ్చాడు. ఒక పొద్దున కొబ్బరికాయ, పసుపు కుంకుమ, ఊదుబత్తులు, స్వీటు డబ్బాతో మా మెట్లెక్కి, "పంతులు ముహూర్తం పెట్టిండు సార్. గీ గంటలనే సైటు ఎక్కాలె" అన్నాడు.

"అన్నా, మ్యాటర్ ఇంకా రాలేదు" అన్నాను.

"మ్యాటర్‌దేముంది చెల్లె, ఎప్పుడన్న వస్తది. ముహూర్తం మళ్ల వస్తదా?"

మా సారు అప్పటికే అగ్గిపెట్టె వెతుకుతున్నాడు. నా కంప్యూటరుకు బొట్టు పెట్టారు. కొబ్బరికాయ నీళ్లు కీబోర్డులో పడకుండా మా సారు రెండు చేతులూ అడ్డం పెట్టాడు. ఓనరన్న గడియారం చూసి "ఆఁ, నొక్కు" అన్నాడు. నొక్కాను. అందరం చప్పట్లు కొట్టాం. ఆయన ఫోటోలు చూసుకున్నాడు, లోగో ఇంకింత పెద్దగా ఉంటే బాగుండేదన్నాడు, నోట్లో లడ్డూ పెట్టాడు. మా మెట్లు దిగుతూనే తన ఫోనులో ఉన్న ప్రతి వాట్సాప్ గ్రూపుకూ సైటు పంపేశాడు.

ఆయన అటు వెళ్లగానే నేను ఇటు కూర్చుని భోజనాల పేజీలో అత్తమ్మను తీసేసి, నాలుగు మర్యాద వాక్యాలు రాసి పెట్టాను. హమ్మయ్య అనుకునేలోపు ఫోను మోగింది.

"చెల్లె! నా సైటును ఎవ్వలో ముట్టిండ్రు!"

"నేనే అన్నా. కొంచెం రాత మార్చాను."

"అయ్యో, గట్లెట్ల ముడుతవ్? ముహూర్తంల ఎక్కిచ్చింది. మళ్ల మంచిరోజు వచ్చేదాక ముట్టద్దని పంతులు జెప్పిండు. ఎట్లున్నదట్లనే పెట్టు, నీకు దండం పెడత!"

"మీరు చదివారా అందులో ఏముందో?"

"సదువుడేంది? గా పేజీ జర పొట్టిగైంది, అందుకే దొరికింది."

చూశారా? చదవరు. పొడుగు కొలుస్తారు. మా సారు కూడా "పెట్టెయ్యండి మేడం, ఆయనతో లొల్లి ఎందుకు" అన్నాడు. పండ్లు కొరుకుతూ అత్తమ్మను తెచ్చి మళ్లీ మూల కుర్చీలో కూర్చోబెట్టాను.

ఆ వాట్సాప్ గ్రూపుల్లో మా చుట్టాల గ్రూపు ఒకటి ఉందని నాకు మర్నాడు తెలిసింది. ఓనరన్నే సంబరంగా ఫోను చేసి, ఏయే గ్రూపుల్లో వేశాడో పేర్లతో సహా చెప్పాడు. మా చుట్టాల్లో ఎవరి పెండ్లో ఆయన హాల్లో మాట్లాడుకున్నారట, అట్లా చేరాడట. నేను ఫోను పెట్టేయబోయాను. ఆయనేమో ఆగడం లేదు. "మంది ఫోన్ల మీద ఫోన్లు చెల్లె! నవ్వుడే నవ్వుడు. పప్పుల ఉప్పు సూసే ముసలమ్మ మీ హాలుకు నిజంగ వస్తదా అని అడుగుతుండ్రు. గది ఎప్పటికి తియ్యకు."

ఎన్నో ఏళ్లుగా ఎవరైనా నా వాక్యం చదవాలని మొక్కుకున్నాను. చదివారు. చదవకూడని ముక్కే చదివారు.

ఆ సాయంత్రం బస్సు ఎంత మెల్లగా పోతే అంత మేలనిపించింది. దరిద్రం, ఆ రోజు ఒక్క ట్రాక్టరూ అడ్డం రాలేదు. ఇంటికి వెళ్లేసరికి బాబు గడపలో ఆడుకుంటున్నాడు. అత్తమ్మ చాయ్ పెట్టి ఇచ్చింది. మామూలుగానే ఉంది. అదే భయం. ఆమె కోపంగా ఉంటే గిన్నెల చప్పుడులో తెలుస్తుంది, ఆ రోజు గిన్నెలు కూడా నెమ్మదిగా ఉన్నాయి. నేను సగం చాయ్ తాగాక ఫోను తెచ్చి నా ఒళ్లో పెట్టింది.

"ఏందో ఫంక్షన్ హాలోల్లు పంపిండ్రు. నా అద్దాలు కనబడ్తలేవు. జర సదివి పెట్టు బిడ్డా."

భోజనాల పేజీ తెరిచి ఉంది. దొరికిపోయే ముందు మనిషికి ఎక్కడలేని తెలివి పుడుతుంది. గొంతు సవరించుకుని మొదలుపెట్టాను.

"మా అత్తమ్మ పెండ్లికి పోతే పిల్లను, పిల్లగాన్ని చల్లగ ఉండమని దీవిస్తుంది."

"ఊఁ" అంది అత్తమ్మ.

"అందరూ తిన్నారా అని అడిగి అడిగి, చివరి బంతిలో కూర్చుంటుంది."

"ఊఁ."

నాకు హుషారొచ్చింది. "పప్పు అమృతంలా ఉందని మెచ్చుకుంటుంది."

"పప్పునా? నేనా?" అత్తమ్మ లేచి నిలబడింది. "నా జన్మల ఒక్కనాడన్న పెండ్లిపప్పును మెచ్చుకున్ననానే?"

అప్పుడు చూశాను, అద్దాలు దారానికి కట్టి ఆమె మెడలోనే వేలాడుతున్నాయి.

"పొద్దుగాలనే పక్కింటామె సదివింది. ఆమె సదివితే గిట్ల లేకుండె" అంది. పక్కింటామె ఆదివారం చర్చిలో వాక్యం చదివే మనిషి. ఆమె గొంతెత్తి చదివితే మైకు అక్కర్లేదు. అంటే ఒక్క అత్తమ్మే కాదు, వాడకట్టు మొత్తం విన్నదన్నమాట.

నేను అన్నీ చెప్పేశాను. బ్లాగు, బస్సు, డమ్మీ మ్యాటర్, ముహూర్తం, కొబ్బరికాయ. అత్తమ్మకు కొబ్బరికాయ దాకా అర్థమైంది. ఇప్పుడంటుంది, ఇప్పుడంటుంది, "నాతోని కాదు" అని ఎదురుచూస్తూ కూర్చున్నాను. బాబును ఎక్కడ దింపాలి, సారుకు ఏమని చెప్పాలి అన్నంతవరకు ఆలోచన వెళ్లిపోయింది.

"ఇగ రాసింది రాసినట్టు సదువు" అంది, ఎదురుగా పీట వేసుకుని.

చదివాను. నా వాక్యాలు నా నోటికే ముళ్లలాగా తగులుతున్నాయి. మొదటి బంతి, మూల కుర్చీ దగ్గర ఆమె ముసిముసిగా నవ్వింది. పెరుగు దగ్గర పైకే నవ్వింది. "ఆలుగడ్డ గాదే, వంకాయ. గప్పుడు నువ్వు సరిగ సూడలే" అని దిద్దింది. పప్పులో ఉప్పు దగ్గర కళ్లు తుడుచుకునేంత నవ్వింది. నా ప్రాణం లేచొచ్చింది. ఫోను కింద పెట్టబోయాను.

"అంత మంచిగనే రాసినవ్. ఒక్కకాడ తప్పు రాసినవ్."

"ఎక్కడత్తమ్మా?"

"పందిరి దిక్కు కన్నెత్తి సూడదు అని రాసినవ్ సూడు, గక్కడ."

చీర కొంగు వేలికి చుట్టుకుంటూ చెప్పింది. "మీ మామ ఉన్నన్ని రోజులు పందిట్ల ముంగట నేనే ఉంటుంటి. పసుపు దంచుడు కాడికెంచి నేను లేకుంటె పనైతుండెనా? ఆయన పోయినంక, మొకం మీద ఎవ్వలేమనరు గని, నేను పోతే జర పక్కకు జరుగుతరు. బంతి కాడ కూసుంటె ఎవ్వలు జరగరు. ఉప్పు తక్కువ, నూనె ఎక్కువ అనుకుంట కూసుంటె పొద్దు వోతది."

ఆ పెండ్లిళ్లన్నిటికీ నేను ఆమె వెంటే వెళ్లాను. ఆమె పక్క కుర్చీలోనే కూర్చుని తిన్నాను. ఆమె ఏ కూరను ఏమన్నదో ఒక్క ముక్క పోకుండా గుర్తుపెట్టుకున్నాను. ఇది మాత్రం నాకు కనపడలేదు. ఏడుపు తన్నుకొచ్చింది, ఆపుకోలేదు. బాబు ఆట ఆపి వచ్చి ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

"నువ్వెందుకేడుస్తున్నవే? జరిగేది నా కాడికెంచి" అంది అత్తమ్మ. "రాసుడే అలవాటైతే గది గూడ రాయి."

"రాయమంటావా?"

"రాయి. గని నవ్వొచ్చేటట్టు రాయి. ఏడుపుగొట్టుగ రాస్తే ఎవ్వలు సదువరు."

బాబును చంకనేసుకుని అన్నం వండడానికి లేచింది. అప్పటినుంచి ఆ ముక్క రాద్దామని రోజూ ఫోను తీస్తున్నాను. కుర్చీ దాకా, కూరల దాకా నవ్వు దానంతటదే వస్తుంది. పందిరి దగ్గరికి వచ్చి, ఆమె రాగానే ఆడవాళ్లు కొంచెం పక్కకు జరిగారు అని రాయాలి. దాన్ని నవ్వొచ్చేటట్టు రాయడం నాకు చేతకావడం లేదు. ఇదిగో, ఇప్పుడు కూడా కాలేదు.